ప్రమాదకరమైన విధిని మోసే నాయికకు వ్యక్తిత్వం ఎక్కడి నుంచి వస్తుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీరు రాస్తున్న నవలలో నాయికకు 17 ఏళ్లు. మూడో అధ్యాయంలో ఒక పెద్దాయన ఆమెకు రాబోయే గండం గురించి చెబుతాడు. అక్కడి నుంచి ఆమె ప్రతి పుటలోనూ ఏడుస్తూనే ఉన్నదని మొదటి ప్రతి చదివినవారు అన్నారు. మీరు ఏడుపు తీసేసి తిరగరాస్తే, ఇప్పుడు ఎప్పుడు చూసినా ఉపన్యాసం ఇస్తున్నదని అంటున్నారు. ఆమె వ్యక్తిత్వాన్ని ఎలా మలచాలని మీరు అడుగుతున్నారు.

నా సమాధానం ముందే చెబుతాను. మీరు ఆమె విధిని రాశారు గాని ఆమె రోజును రాయలేదు. గండం గురించి తెలిసిన రోజుకూ అది వచ్చిపడే రోజుకూ నడుమ ఆమె ఏ పనులు చేస్తుంది, ఎవరితో ఏం మాట్లాడుతుంది, ఎవరి దగ్గర ఏది దాస్తుంది అన్నవే ఆమె వ్యక్తిత్వం. ఏడుపూ ఉపన్యాసమూ పైకి వేరుగా కనిపించినా, రెండింటిలోనూ ఆ పిల్ల తన విధి గురించి తప్ప మరి దేని గురించీ ఆలోచించదు. పాఠకులు విసుగు చెందింది అందుకేనని నేను అనుకుంటున్నాను.

నేను 26 ఏళ్లపాటు డిగ్రీ విద్యార్థులకు తెలుగు సాహిత్యం చెప్పాను, దాదాపు ప్రతి ఏడాదీ వారిచేత ఒక నాటకం వేయించాను. ఆ అనుభవంలో ఈ విషయం మీద నాకు అన్నిటికంటే ఎక్కువ నేర్పింది మహాభారతంలోని సావిత్రి కథ. అరణ్యపర్వంలో మార్కండేయుడు ధర్మరాజుకు చెప్పే ఈ ఉపాఖ్యానం తెలుగులో ఎఱ్ఱన పూరించిన భాగంలో వస్తుంది. కథ అందరికీ తెలిసినదే, కాని మనకు బాగా గుర్తున్నది యముడితో ఆమె సంభాషణ మాత్రమే. 1933లో సి. పుల్లయ్య గారి సినిమాలో వేమూరి గగ్గయ్య గారు యముడిగా కనిపించినప్పటి నుంచి, అంతకు ముందు పద్యనాటకాల్లోనూ, ఆ ఘట్టమే కథంతా అన్నట్టు నిలిచిపోయింది. మూలాన్ని నెమ్మదిగా చదివితే ఆ ఘట్టానికి ముందున్న ఏడాదే సావిత్రిని సావిత్రిని చేసిందని తెలుస్తుంది.

ఆమె పుట్టుక దగ్గరే మొదలుపెడదాం. మద్రదేశపు రాజు అశ్వపతి సంతానం కోసం 18 ఏళ్లు మితాహారంతో, నియమంతో సావిత్రీ దేవిని ఆరాధించాడు. దాని ఫలంగా పుట్టిన పిల్లకు ఆ దేవి పేరే పెట్టాడు. ఇది కేవలం పుణ్యకథకు వేసే పీఠిక అనుకుని మనం దాటేస్తాం. రచయిత కళ్లతో చూస్తే, ఆమె ఎలాంటి ఇంట్లో పెరిగిందో ఇక్కడే ఉంది. పట్టిన పట్టు విడవకుండా ఏళ్ల తరబడి ఒక నియమాన్ని నిలబెట్టుకుంటే విధి ఇవ్వనిది కూడా ఇస్తుందని ఆ ఇంట్లో ఎవరూ ఆమెకు ప్రత్యేకంగా బోధించనక్కరలేదు, ఎందుకంటే ఆమె ఉనికే అందుకు సాక్ష్యం. తరువాత ఆమె మూడు రాత్రుల వ్రతం పట్టినప్పుడు మనకు అది హఠాత్తుగా వచ్చిన ధైర్యంలా అనిపించకపోవడానికి కారణం ఇదే. మీ నాయిక ఎలాంటి ఇంట్లో పెరిగింది? ఆమె తల్లి కష్టం వచ్చినప్పుడు ఏం చేసేది? గండం గురించి చెప్పే అధ్యాయానికి ముందే ఈ సంగతి పాఠకుడికి తెలిసి ఉండాలి.

రెండో సంగతి ఆమె ఒంటరితనం. ఆమె తేజస్సుకు జంకి ఏ రాకుమారుడూ ఆమెను అడగడానికి రాలేదని కథ చెబుతుంది. అప్పుడు తండ్రి, నీకు తగినవాణ్ణి నువ్వే వెతుక్కో అన్నాడు. ఆమె వృద్ధులైన మంత్రులను వెంటబెట్టుకుని రథమెక్కి రాజర్షుల తపోవనాలన్నీ తిరిగింది. అంటే గండం సంగతి వినకముందే ఆమె తనంతట తాను నిర్ణయం తీసుకోవడం అలవాటు చేసుకుంది. తిరిగి వచ్చేసరికి తండ్రి పక్కన నారదుడు కూర్చుని ఉన్నాడు. కళ్లు పోయి, రాజ్యం పోయి అడవిలో ఉంటున్న సాళ్వరాజు ద్యుమత్సేనుడి కొడుకు సత్యవంతుణ్ణి ఎంచుకున్నానని ఆమె చెప్పింది. అతనిలో ఉన్న ఒకే ఒక్క లోపం, సరిగ్గా నేటికి ఏడాదికి అతని ఆయుష్షు తీరిపోతుందని నారదుడు చెప్పాడు. తండ్రి మరొకరిని చూసుకోమన్నాడు. ఆస్తి పంపకం ఒక్కసారే, కన్యను ఇవ్వడం ఒక్కసారే, ఇస్తున్నానన్న మాట ఒక్కసారే అని, ముందు మనసు నిశ్చయించుకున్న తరువాతే మాట వస్తుందని, అందువల్ల తన మనసే తనకు ప్రమాణమని ఆమె జవాబిచ్చింది. ఆమె చెప్పింది అంతే. అక్కడ విలాపం లేదు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. మొదటిసారి ఈ కథను విద్యార్థుల కోసం నాటకంగా రాసినప్పుడు, ఇంత పెద్ద మాట విన్న ఆడపిల్ల ఏడవకుండా ఎలా ఉంటుందని అనుకుని నారదుడి ఘట్టం తరువాత సావిత్రికి 12 నిమిషాల స్వగతం పెట్టాను. అమ్మాయి చక్కగా చేసింది, అయినా ఆ తరువాతి రంగాల్లో ఆమె ఏం చేసినా ప్రేక్షకులకు పట్టలేదు. దుఃఖమంతా ముందే ఖర్చు పెట్టేశాక వారు ఆమెతో కలిసి ఎదురుచూడడానికి ఏమీ మిగలలేదు. ఆ ప్రదర్శన తరువాత మూలాన్ని మళ్లీ చదివితే, వ్యాసుడు ఆమె దుఃఖాన్ని ఎంత పొదుపుగా వాడాడో కనిపించింది.

పెళ్లయి తండ్రి వెళ్లిపోగానే ఆమె నగలు తీసి పక్కన పెట్టి నారచీర కట్టింది. అత్తగారికి ఒంటి సేవ చేసింది, మామగారి దగ్గర మాట అదుపులో పెట్టుకుని మెలిగింది, భర్తతో తియ్యగా మాట్లాడింది. ఇవన్నీ చెప్పి, వ్యాసుడు పడుకున్నా నిలబడినా పగలూ రాత్రీ నారదుడి మాట ఆమె మనసులో మెదులుతూనే ఉండేదని ఒక్క వాక్యంలో చెప్పి ఊరుకున్నాడు. ఆ ఒక్క వాక్యమే ఏడాదంతటి దుఃఖం. ఆమె ఎవరికీ చెప్పలేదు. తాను మోస్తున్న ఈ సంగతిని కథ చివర భర్త బతికి వచ్చిన రాత్రి, మునులు అడిగినప్పుడు మాత్రమే ఆమె బయటపెడుతుంది. ఏడాదిపాటు ఒక గుడిసెలో ముగ్గురితో కలిసి ఉంటూ, వారిలో ఒకరు ఏ రోజు చనిపోతారో తెలిసి, ఆ మాట పెదవి దాటనివ్వని అమ్మాయి అన్నప్పుడు మనకు ఆమె ఎలాంటిదో వర్ణన లేకుండానే తెలిసిపోతుంది.

ఆమె స్వభావంలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది లెక్క. ఆమె రోజులు లెక్కపెడుతూ ఉంటుంది. ఇంక నాలుగు రోజులు ఉన్నాయనగా త్రిరాత్ర వ్రతం పట్టి మూడు పగళ్లూ మూడు రాత్రులూ నిలబడుతుంది. మామగారు బాధపడి ఇది చాలా కఠినమమ్మా అంటాడు గాని, వ్రతం మానుకోమని నేను చెప్పకూడదు అని కూడా అంటాడు. ఆమె కట్టెలా కనిపించిందని మూలం చెబుతుంది. చివరి రోజు ఉదయం పెద్దలు నిత్య సుమంగళిగా ఉండమని దీవిస్తే, అలాగే జరగాలని లోలోపల అనుకుంటుంది. భోజనం చెయ్యమంటే సూర్యాస్తమయం అయ్యాకే తింటానంటుంది.

ఆ తరువాత వచ్చే చిన్న ఘట్టాన్ని నేను ప్రతి ఏడాదీ తరగతిలో రెండుసార్లు చదివించేదాన్ని. సత్యవంతుడు గొడ్డలి భుజాన వేసుకుని అడవికి బయలుదేరుతాడు. నేనూ వస్తానంటుంది. ఉపవాసంతో నీరసించి ఉన్నావు, దారి కష్టం అంటాడు అతను. ఆమె అత్తమామల దగ్గరకు వెళ్లి, వచ్చి ఏడాది కావస్తున్నా ఆశ్రమం దాటి వెళ్లలేదని, పూచిన అడవిని చూడాలని ఉందని అడుగుతుంది. అప్పుడు ద్యుమత్సేనుడు, ఈమె కోడలిగా వచ్చినప్పటి నుంచి నన్ను ఏదైనా అడిగినట్టు నాకు గుర్తు లేదు, కాబట్టి ఈ కోరిక తీరాలి అని పంపుతాడు. ఏడాదిపాటు ఒక్క కోరికా కోరని పిల్ల అడిగిన మొదటి కోరిక కాబట్టే అది కాదనలేనిదైంది. కావలసిన రోజుకు కావలసిన మాట చెల్లుబాటు కావాలని ఆమె ఏడాదంతా తెలిసి కూడబెట్టిందో, లేక అది సహజంగానే ఆమె తీరో కథ తేల్చి చెప్పదు. నా అభిప్రాయంలో రెండూ నిజమే. పువ్వులు చూడాలన్న మాట కూడా పూర్తిగా సాకు కాదు. ఏడాదిగా గుడిసె దాటని అమ్మాయికి అడవి చూడాలని లేకుండా ఎలా ఉంటుంది? అంతటి రోజున కూడా ఆమెలో ఆ వయసు పిల్ల ఒకతె మిగిలి ఉంది. దారిలో ఆమె హృదయం రెండుగా చీలి, ఒక సగంతో భర్త మాటలకు జవాబు చెబుతూ, మరో సగంతో ఆ ఘడియ కోసం చూస్తూ నడిచిందని కవి అంటాడు. మీ నాయికను రాస్తున్నప్పుడు ఈ రెండు సగాలనూ ఒకే సంభాషణలో పెట్టగలిగితే ఏడుపు అవసరం రాదు.

యముడి ఘట్టం గురించి ఎక్కువ చెప్పను, అది మీకు తెలుసు. ఒక్కటి మాత్రం గమనించండి. భర్త తలను ఒడిలో పెట్టుకుని ఆమె కూర్చుని ఉండగా పాశం పట్టుకున్న పురుషుడు కనిపిస్తాడు. ఆమె భర్త తలను నెమ్మదిగా నేల మీదికి దించి, లేచి, చేతులు జోడించి, వణుకుతూనే, తమరెవరు, ఏం పని మీద వచ్చారు అని అడుగుతుంది. వణుకు ఉంది, మర్యాద కూడా ఉంది. యముడు దక్షిణంగా నడుస్తుంటే వెంట నడుస్తూ, కలిసి ఏడడుగులు నడిస్తే స్నేహం ఏర్పడుతుందని పెద్దలు అంటారని మాట మొదలుపెడుతుంది. ఆమె ఆయన్ని దూషించదు, ప్రాధేయపడదు, వినదగిన మాటలు చెబుతూ పోతుంది. ఆమె కోరిన మొదటి వరం మామగారి కళ్లు. రెండోది ఆయన రాజ్యం. మూడోది తన తండ్రికి కొడుకులు. ఆ తరువాతే తనకు సంతానం, చివరికి భర్త ప్రాణం. దీన్ని చాలామంది తెలివైన ఎత్తుగా చెబుతారు, అది నిజమే, కాని నేను దాన్ని అలవాటుగా కూడా చదువుతాను. ఏడాదిపాటు రోజూ ఒక చూపులేని ముసలాయన అవసరాలు కనిపెట్టుకుని ఉన్న అమ్మాయికి, ఏమైనా కోరుకో అన్నప్పుడు నోటికి ముందు వచ్చేది అదే.

మళ్లీ నాటకం దగ్గరకు వస్తాను. నాలుగోసారి ఈ కథ వేయించినప్పుడు సావిత్రి వేషం వేసిన రెండో సంవత్సరం విద్యార్థిని రిహార్సల్లో ప్రతి రంగంలోనూ కన్నీళ్లు పెట్టుకునేది. ఏడవవద్దని చెబితే బిగుసుకుపోయేది. చివరకు ఆమె చేతికి ఒక చేట ఇచ్చి, మాటలన్నీ బియ్యం ఏరుతూ చెప్పమన్నాను. వారం తిరిగేసరికి ఆమె తనంతట తానే ఇంటి నుంచి రెండు గిన్నెలూ కొన్ని చింతగింజలూ తెచ్చింది. రంగం మొదట్లో ఒక గింజ తీసి ఒక గిన్నెలోంచి రెండో గిన్నెలో వేస్తుంది. ఎందుకమ్మా అంటే, రోజులు మేడమ్ అంది. ప్రదర్శన నాడు అత్తగారి వేషంలో ఉన్న అమ్మాయి, నా నాటకంలో లేని మాట, ఏమిటమ్మాయీ ఆ గింజలు అని అడిగేసింది. ఏమీ లేదత్తయ్యా, లెక్క తప్పకుండా ఉండాలని, అని ఈ అమ్మాయి జవాబిచ్చి మళ్లీ బియ్యం ఏరసాగింది. నేను రాసిన 12 నిమిషాల స్వగతం చెయ్యలేని పని ఆ మాట చేసింది.

అయితే ప్రతి నాయికా సావిత్రిలా ఉండాలని నేను అనడం లేదు. అదే భారతంలో కుంతిని చూడండి. ఆమెకూ చిన్న వయసులోనే ప్రమాదకరమైనది ఒకటి చేతికి వచ్చింది. కుంతిభోజుడి ఇంట అతిథిగా దిగిన దుర్వాసుడికి ఓపికగా సేవ చేసి దేవతలను పిలిచే మంత్రం పొందింది. సావిత్రి లెక్కపెట్టే పిల్ల అయితే కుంతి పరీక్షించి చూసే పిల్ల. మంత్రం నిజంగా పనిచేస్తుందా అన్న కుతూహలం ఆపుకోలేక సూర్యుణ్ణి పిలిచింది. పుట్టిన బిడ్డను అర్ధరాత్రి దాది తోడుగా వెళ్లి పెట్టెలో పెట్టి నదిలో విడిచింది. సావిత్రి రహస్యాన్ని ఏడాది మోస్తే, కుంతి తన రహస్యాన్ని యుద్ధం ముగిసి కర్ణుడు చనిపోయి తర్పణాలు వదిలే రోజు దాకా మోసింది. రహస్యం ఇద్దరికీ ఉన్నా సావిత్రిని అది పదును పెట్టింది, కుంతిని లోపల తినేసింది. మీ పిల్ల ఈ ఇద్దరిలో ఎవరికి దగ్గరో, లేక ఇద్దరికీ దూరంగా గండం అన్న మాట వినగానే పారిపోయే పిల్లో ముందు తేల్చుకోండి. పారిపోయే పిల్ల కూడా మంచి నాయికే.

గడువు ఎంత అన్నది కూడా స్వభావాన్ని మారుస్తుంది. కట్టమంచి రామలింగారెడ్డి గారి ‘ముసలమ్మ మరణం’ కావ్యంలో ముసలమ్మ అన్న పేరుగల చిన్నకోడలికి సావిత్రికి దొరికినంత కాలం దొరకలేదు. అనంతపురం దగ్గర బుక్కరాయసముద్రం చెరువు తెగిపోబోతుంటే, బసిరెడ్డి చిన్నకోడలిని బలి ఇస్తే గాని కట్ట నిలవదన్న మాట వినిపించింది. ఆమె ఇంటివాళ్ల దగ్గర సెలవు తీసుకుని గండి దగ్గరకు నడిచింది. ఏడాది గడువు ఉంటే అలవాట్లు చూపించవచ్చు, కొన్ని గంటలే ఉంటే ఆమె ఎవరెవరి దగ్గర ఆగింది, ఎవరికి ఏం చెప్పింది అన్నవే ఆమెను చూపిస్తాయి. ఈ పాఠం చెప్పిన ప్రతిసారీ తరగతిలో ఎవరో ఒక అమ్మాయి లేచి, అంత ఊళ్లో ఆమెనే ఎందుకు అడిగారు అని ప్రశ్నించేది. ఆ ప్రశ్న న్యాయమైనది. ఒక ఆడపిల్లను బలి ఇవ్వడాన్ని నేను ఏనాడూ అందమైన సంగతిగా చెప్పలేకపోయాను, మీరూ అలా రాయవద్దని నా కోరిక. మీ నవలలో ఎవరో ఒకరు, చెల్లెలు గాని స్నేహితురాలు గాని, ఆ ప్రశ్న గట్టిగా అడగాలి, దానికి పెద్దలెవరూ సరైన జవాబు చెప్పలేకపోవాలి.

ఇంకొక జాగ్రత్త. నాయిక మధ్యలో మారవచ్చా అని మీకు సందేహం రావచ్చు. క్రీస్తుపూర్వం 5వ శతాబ్ది చివర గ్రీకు నాటకకర్త యూరిపిడీస్ రాసిన నాటకంలో నాయిక ఇఫిజెనియా, సేనాపతి అయిన తండ్రి సైన్యం యుద్ధానికి బయలుదేరడం కోసం తనను బలి ఇవ్వబోతున్నాడని తెలిసి, గొప్ప చావు కంటే నీచమైన బతుకే మేలని బతిమాలుతుంది. కొద్దిసేపటికే చావుకు తానే సిద్ధమవుతుంది. మొదటి పిల్లకూ రెండో పిల్లకూ పోలికే లేదని గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ తప్పుపట్టాడు. నాకు మాత్రం ఆ మార్పుకు కారణం ఉన్నట్టే అనిపిస్తుంది. బతిమాలినా సైన్యం వదలదని, తనను కాపాడబోయిన వీరుడు అకిలీస్ కూడా చచ్చిపోతాడని ఆమె ఆ కాస్త వ్యవధిలోనే తెలుసుకుంది. అరిస్టాటిల్ వంటి పాఠకుడికే ఆ కారణం కంటికి ఆననప్పుడు, మీరు మార్పు రాస్తే ఆమెను మార్చిన మాట గాని దృశ్యం గాని పాఠకుడి ఎదుట జరిగేలా చూసుకోవడం మంచిది.

ఒకసారి ఒక యువ రచయిత్రి తన రాతప్రతి నా దగ్గరకు తెచ్చింది, అందులోనూ శాపగ్రస్తురాలైన అమ్మాయే నాయిక. 200 పుటల్లో ఆ అమ్మాయికి ఒక్కసారి కూడా ఆకలి వెయ్యలేదు, జడ వేసుకోలేదు, ఎవరి మీదా అనవసరంగా విసుక్కోలేదు. ఆ సంగతే ఆమెకు చెప్పాను. తిరగరాసిన ప్రతిలో నాయిక తన తమ్ముడికి ఎక్కాలు నేర్పుతూ, తాను లేకపోతే వీడికి 13వ ఎక్కం ఎవరు చెబుతారని ఆలోచిస్తుంది. అక్కడి నుంచి ఆ నవలను నేను ఆపకుండా చదివాను.

మీరు ఇప్పుడు చెయ్యవలసిన పని నా దృష్టిలో ఇది. మూడో అధ్యాయం చివర గండం గురించి విన్న మీ అమ్మాయిని మర్నాడు పొద్దున నిద్ర లేపండి. ఆమె పళ్లు తోముకోవాలి, ఎవరో కాఫీ ఇవ్వాలి, ఆ ఇచ్చినవారికి ఏమీ తెలియకూడదు. ఆ పూట ఆమె చేసే పని ఏదో మీరే నిర్ణయించండి, దాన్ని పూర్తిగా రాయండి, విధి అన్న మాట ఎక్కడా వాడకండి. కథ ముగింపు విషయంలోనూ అంతే. భర్త బతికాక సావిత్రి విజయగర్వంతో ఏదీ మాట్లాడదు. చీకటి పడింది, అతను నీరసంగా ఉన్నాడు, అమ్మానాన్నలు ఎదురుచూస్తుంటారని బెంగపడుతున్నాడు. ఏం జరిగిందని అడిగితే రేపు చెబుతానంటుంది. పండ్లబుట్టను ఒక చెట్టుకొమ్మకు తగిలించి, గొడ్డలి తాను తీసుకుని, అతని చెయ్యి తన భుజం మీద వేసుకుని, నడుం చుట్టూ పట్టుకుని ఇంటిదారి పడుతుంది.